ముక్కులో దాచుకున్న జలుబు

మధ్యాహ్నం పన్నెండు దాటింది. సిరీషను చూడడానికి పొద్దుటినుంచి వచ్చిన చుట్టాల్లో ఇది మూడో జట్టు.

ఆపరేషన్ అయ్యాక చూడడానికి రావడం లోకంలో పద్ధతి. బాన్సువాడలో సిరీష వాళ్ల చుట్టాలది వేరే పద్ధతి. కత్తి పడకముందే వచ్చి చూసిపోవాలి. ఆపరేషన్‌కు ఇంకా నాలుగు రోజులుంది. అయినా అమ్మ గంగమణి బీడీలు చుడుతూనే, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, పెళ్లికి పిలిచినట్టు అందరినీ పిలిచింది. అందరూ అరటిపళ్లు పట్టుకుని వచ్చారు. పరామర్శ తక్కువ, పరీక్ష ఎక్కువ. ఒక్కొక్కరూ సిరీష నోరు తెరిపించి చూశారు. రోగం ముక్కులో ఉంటే నోట్లో వెతుకుతారేమిటని సిరీషకు ఒళ్లు మండింది.

పదేళ్ల సిరీషకు ముక్కు వెనకాల కండ పెరిగింది. దానివల్ల గురక వస్తోంది. అల్లాటప్పా గురక కాదు, రైస్‌మిల్లు గురక. ఐదో తరగతికి గురుకులంలో సీటొచ్చింది. జూన్‌లో హాస్టల్‌కు వెళ్లాలి. అది గురుకులం కాదు, గురకకులం అని వాడకట్టు పిల్లలు అప్పుడే ఆటపట్టిస్తున్నారు. ఈ ఎండాకాలం సెలవుల్లోనే ఆ కండ తీయించుకుంటే హాస్టల్లో ఎవరికీ తెలియదు. అందుకే సిరీష పుట్టినరోజు కోసం కూడా ఎదురుచూడనంతగా ఆపరేషన్ కోసం ఎదురుచూస్తోంది.

మద్నూర్ నుంచి వచ్చిన పెద్దమ్మ కొడుకు నాందేవ్ మాత్రం అరటిపళ్లతో పాటు జలుబునూ మోసుకొచ్చాడు. సిరీష సీసాలో నీళ్లే తాగాడు. సిరీష తువ్వాలుకే ముక్కు తుడిచాడు. సాయంత్రానికి చుట్టాలంతా వెళ్లిపోయారు. జలుబు మాత్రం మకాం పెట్టింది.

దగ్గు, జలుబు, జ్వరం ఏది వచ్చినా ముందే ఫోన్ చేయమని దవాఖాన కాగితంలో ఉంది. ఎల్లుండి ఆపరేషన్ అనగా ముక్కు కారడం మొదలైనప్పుడు సిరీష ఆ కాగితం చదివింది. చదివి మడతపెట్టి పుస్తకాల కింద పెట్టేసింది. ముక్కు కారితే బాత్రూంలోకి పరుగెత్తింది. తుమ్ము వస్తే దిండులో ముఖం దూర్చింది. కళ్లు ఎర్రగున్నాయేమిటని అమ్మ అడిగితే ఉల్లిగడ్డ కోశానంది. వంటింటి వైపు తొంగిచూడని పిల్ల ఉల్లిగడ్డ ఎప్పుడు కోసిందని అమ్మకు అనుమానం రావాల్సింది. కానీ అమ్మ చూపంతా బీడీ ఆకుల మీదే ఉంది.

ఆపరేషన్ రోజు నాన్న భీంరావు తన కోత మిషన్‌ను ఇంకో డ్రైవర్‌కు అప్పజెప్పి వచ్చాడు. తెల్లారకముందే ముగ్గురూ నిజామాబాద్ బస్సెక్కారు. సిరీష కడుపులో ఆకలి, ముక్కులో జలుబు.

మత్తు డాక్టర్ అంటే సగం నిద్రలో జోగుతూ ఉంటుందనుకుంది సిరీష. దవాఖానలో కలిసిన డాక్టర్ ఇస్మత్ మహా చురుకు. జలుబేమైనా ఉందా అని అడిగింది. లేదంది అమ్మ. సిరీష కూడా తల అడ్డంగా ఊపింది. డాక్టర్ వీపుకు స్టెతస్కోప్ ఆనించి గట్టిగా ఊపిరి పీల్చమంది.

సిరీష పీల్చింది. ముక్కు ఈల వేసింది. ఆ వెనకే, రెండు రోజులుగా దిండులో దాక్కున్న తుమ్ములన్నీ లైను కట్టి బయటికొచ్చాయి.

ఆపరేషన్ ఇవాళ లేదని డాక్టర్ కాగితం మీద రాసేసింది. నాన్న నుదురు పట్టుకున్నాడు.

"ఏంది బిడ్డా గిది? ఒక్క మాట జెప్తే బస్సే ఎక్కకపోదుము గదా."

"ఉల్లిగడ్డ కోసిందంట, ఉల్లిగడ్డ," అంది అమ్మ.

సిరీషకు ఏడుపొచ్చింది. అయినా ఆశ చావలేదు. "జలుబు ముక్కులనే గదా డాక్టరమ్మా. మీరు చేసేది గూడ ముక్కుకే గదా," అంది.

డాక్టర్ ఇస్మత్ పెన్ను కింద పెట్టి, స్టూల్ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"నువ్వు మత్తుల ఉంటే నీ ఊపిరి చూసుకునేది నేను. జలుబున్నోళ్లకు గొంతు చిన్నదానికే బిగుసుకుంటది, గాలి ఆడదు. ముందు తెలిస్తే ఆగుత. నువ్వు దాస్తే నాకెట్ల తెలుస్తది?"

సిరీష చేయి తెలియకుండానే గొంతు మీదికి వెళ్లింది. తను దాచింది ఉత్త ముక్కు చీమిడి అనుకుంది. దాని వెనక ఊపిరి ఉందని అనుకోలేదు. ఈసారి అడక్కుండానే చెప్పింది. ఎప్పుడు మొదలైందో, ఎన్ని తుమ్ములు దాచిందో, రాత్రి దగ్గిన సంగతి కూడా.

జలుబు పూర్తిగా తగ్గి, ఇంకో నెల గడిచాక జూలైలో రమ్మంది డాక్టర్. అంటే గురకతోనే హాస్టల్‌కు. నిజామాబాద్‌లో మొదలుపెట్టిన అమ్మ సణుగుడు, బస్సు దారిలోని వర్ని ఊరు దాటినా అయిపోలేదు.

జూన్‌లో హాస్టల్ హాల్లో అమ్మాయిలంతా మంచాలు ఎంచుకుంటున్నారు. మూలన, గోడ పక్కన ఒక మంచం ఖాళీగా ఉంది. అక్కడైతే కొన్నాళ్లు ఎవరికీ తెలియకపోవచ్చు. సిరీష ఆ మంచం వైపు చూసింది. తర్వాత పెట్టె హాలు మధ్యలోనే దించింది.

"ఒక మాట. నాకు గురకొస్తది. చాన గట్టిగొస్తది. వచ్చే నెల ఆపరేషన్ ఉంది. గప్పటిదాంక మీకు నిద్ర పట్టకపోతే నన్ను లేపుండ్రి."

ఎవరో కిసుక్కుమన్నారు. సిరీష తల దించుకోలేదు.

మెహ్రీన్ అనే పిల్ల తన పరుపు చుట్ట తెచ్చి పక్క మంచం మీద వేసింది. "నేను నిద్రల ఎక్కాలు చదువుతనంట. పదమూడో ఎక్కం తప్పు చదివితే నన్ను గూడ లేపు," అంది.