చేతితోడు

తుఫాను వెళ్లిపోయిన మర్నాడు ఉద్దానం తోటల్లో మనుషుల మాటలు తప్ప పెద్దగా చప్పుడేమీ లేదు. రోడ్డు పొడుగునా కూలిన కొబ్బరి, జీడి, పనస చెట్లను ఊరి జనం కోస్తున్నారు. పెట్రోలు రంపాలు గొంతు చించుకునే కాలం ఎప్పుడో పోయింది. ఇప్పటివి ఉప్పు బ్యాటరీతో నడిచేవి. గొలుసు చెక్కలోకి దిగినప్పుడు సన్నగా ఈల వేసినట్టుంటుంది, బయటికి తీస్తే అదీ ఉండదు. గాలివానలు అలవాటైపోయిన ఆ తీరంలో ఇంటింటికీ కొడవలి ఉన్నట్టే రంపమూ ఉండేది.

రంపం అందరి చేతుల్లోకీ ధైర్యంగా వచ్చిందంటే అది చేతితోడు పుణ్యమే. వేళ్ల కొసల నుంచి భుజం దాకా తొడుక్కునే పలుచని తొడుగు అది. దాని నేతలో కండరాల్లా బిగిసి వదిలే దారాలుండేవి. పట్టు సరిగా లేకపోతే వేళ్లను సర్దేది. రంపం భుజానికి పైకి లేస్తే కిందికి లాగేది. గొలుసు తిరిగే పలక కొస చెక్కకు తగిలితే రంపం ఒక్కసారిగా మనిషి మీదికి ఎగురుతుంది. ఎదురుతన్ను అంటారు దాన్ని. ఆ ప్రమాదం రాకముందే తొడుగు మోచేతిని మళ్లించేది. అది వచ్చాక ఆ చుట్టుపక్కల రంపానికి వేలు పోగొట్టుకున్నవాళ్లు లేరు.

దాన్ని ఎన్నడూ తొడుక్కోనిది ఊళ్లో రూపవతి ఒక్కతే. విచిత్రమేమిటంటే ఆ తొడుగుకు కదలిక నేర్పింది ఆమె భర్త నీలాద్రి. జీవితమంతా చెట్లు కోసి ఒంటిమీద గాటు పడనివాడని విని, తయారీదారులు వెతుక్కుంటూ వచ్చారు. అతని చేతులకు మెరిసే పూసలు అంటించి, ఒక గాలికాలమంతా కోత కోయించి, కదలికలన్నీ పట్టుకుపోయారు. తొడుగు ఊళ్లోకి వచ్చేసరికి నీలాద్రి లేడు. కిడ్నీల జబ్బు తీసుకుపోయింది. కోత అతని పని, కొమ్మలు లాగడం తన పని అని రూపవతి ఆ తొడుగుల జోలికి పోలేదు.

ఆ ఉదయం మాత్రం తప్పలేదు. ఆమె బావికి వెళ్లే దారికి అడ్డంగా పనసచెట్టు పడింది. ఊళ్లో ఒక్క చెయ్యీ ఖాళీగా లేదు. సహాయక దళాన్ని నడిపే కుసుమ, వరసకు ఆమె బావగారి కూతురు, రంపం, తొడుగులు పట్టుకుని వచ్చింది.

"ఈ రోజు నువ్వే కొయ్యాల పిన్నీ."

"నాకేటి తెల్సమ్మా? మీ చిన్నాన్న కోసీవోడు. నాను దూరంగా నిల్చునీదాన్ని."

"నీకేటీ తెలియక్కర్లేదు. తోడే చూసుకుంటాది."

కుసుమ ఆమె తలకు టోపీ పెట్టి, ముఖానికి జాలీ దించింది. కాళ్లకు మందపాటి కాపుగుడ్డలు కట్టింది.

"ఒక్క మాట మాత్రం గుర్తెట్టుకో. ఈ రంపం మూగది. చప్పుడు లేదు కదా అని గొలుసు మీద చెయ్యెయ్యకు. ముట్టుకోవాలంటే ముందు బ్యాటరీ పీకీ. దుంగ దొర్లితే ఎటు తప్పుకోవాలో దారి ముందే చూసుకో. ఆ దారిలో కొమ్మలుంటే తీసీ."

రూపవతి తలూపి రంపం ఎత్తింది. తొడుగు మెల్లగా బిగిసింది. బొటనవేలు పిడి కిందుగా చుట్టుకుంది. మోచెయ్యి పక్కటెముకల వైపు ఒత్తుకుంది.

ఆమె మోచేతి వైపు చూసుకుంది.

ఆ ఒత్తిడి ఆమెకు తెలుసు. పెళ్లైన కొత్తలో జీడితోటలో నీలాద్రి ఆమెకు చేతిరంపం పట్టడం నేర్పాడు. "రెక్కలాగ ఎగరెయ్యకే, దగ్గరెట్టుకో" అంటూ వెనక నుంచి మోచేతిని ఇలాగే, అరచేత్తో కాక రెండు వేళ్లతో నొక్కేవాడు. ఇన్నేళ్ల తర్వాత అవే రెండు వేళ్లు, అక్కడే.

కోత మొదలుపెట్టబోయింది. తొడుగు పెట్టనివ్వలేదు. ఎడమచేతిని పిడి మీంచి తీసి, దుంగ మీద ఆనించి, అలాగే ఉంచేసింది.

"అది అంతే పిన్నీ," అంది కుసుమ. "ప్రతి కోతకీ ముందు అలాగ ఆగుతాది. చెట్టు ఎటు బిగుసుకునుందో చూస్తాదని కంపెనీవోళ్లు చెప్పినారు."

కంపెనీవాళ్లు చేతులను మాత్రమే పట్టుకుపోయారు. గొంతును పట్టుకుపోలేదు. చెట్టు మీద చెయ్యి వేసి, తల తిప్పకుండా, "ఒలే రూపా, ఎక్కడున్నావు?" అని కేకేసేవాడు నీలాద్రి. జవాబు వినపడేదాకా రంపం కదిపేవాడు కాదు. అతని కేక పోయింది. అతని ఎదురుచూపు మాత్రం ఆ దారాల్లో మిగిలిపోయింది.

"దూరంగానే ఉన్నాను, కొయ్," అంది రూపవతి పెదవి కదిలీ కదలకుండా.

చెయ్యి దుంగను వదిలి పిడి మీదికి వచ్చింది.

ఆ రోజు బావిదారి తెరుచుకుంది. మర్నాడు ఆమె ఆ పనస దుంగలనే మళ్లీ పొయ్యికి సరిపడా ముక్కలు చేసింది. తర్వాత తోటలోని ఎండుమోళ్లు. తర్వాత గాలికి కొంచెం ఒరిగిన చెట్లు. కోతకోతకీ ముందు ఆ చెయ్యి ఆగేది, ఆమె జవాబు చెప్పేది. ఒక్కోసారి జవాబుతోపాటు ఇంకో మాట కూడా. కోడిపెట్ట పొదిగిందనో, ఈసారి పనస తియ్యగా లేదనో.

జీడిపూత కాలంలో కుసుమ ఆ వైపు వచ్చి తోట గట్టు మీద నిలబడిపోయింది. ఎప్పుడూ చీకటిగా ఉండే తోటలో ఎండ చాప పరిచినట్టు పడుతోంది. రూపవతి ఎదుట, నేల మీద, పూతతో సహా ఒక జీడిచెట్టు.

"ఈ చెట్టుకేటైంది పిన్నీ? పచ్చగా ఉంది కదా!"

రూపవతి టోపీ తీసింది. జుట్టు చెమటకు అతుక్కుపోయి ఉంది.

"ఏటీ అవలేదమ్మా."

"మరెందుకు కోసీసినావు? మీరిద్దరూ కడవలతో నీళ్లు పోసి పెంచిన తోట ఇది!"

రూపవతి తొడుగున్న చేతిని ముందుకు చాపింది.

"చెట్టు కొయ్యకపోతే ఇతను పలకడే కుసుమా. కోతకి దిగితేనే వస్తాడు. ఊరికే తొడుక్కుని కూకుంటే గుడ్డే ఇది." అరచెయ్యి తిప్పి చూసుకుంది. "కోసీముందు ఆగుతాది చూడు, అది చెట్టుని చూడటానికి కాదు. నానెక్కడున్నానో అని."

కుసుమ కొట్టేసిన చెట్టు మీద కూర్చుంది. తను రంపం పట్టిన మొదటిరోజు ఆమెకు గుర్తొచ్చింది. భయంతో వణుకుతున్న వేళ్లను ఏదో మెత్తగా సర్ది, ధైర్యం చెప్పినట్టు ఒక్క క్షణం పట్టుకుని వదిలింది. కదలికలు చిన్నాన్నవని తెలిసీ, యంత్రమనే అనుకుంది.

"మాకందరికీ నేర్పింది చిన్నాన్నేనా?"

"మరెవులు?"

ఇద్దరూ ఏడ్చారు. ముందు తేరుకున్నది రూపవతే. బ్యాటరీ పీకింది. తొడుగులు విప్పి, మడిచి, కుసుమ ఒళ్లో పెట్టింది.

"తుఫాను షెల్టర్ గదిలో పెట్టి తాళమేసీ. గాలికి చెట్లు పడితేనే ఇయ్యి. నానడిగినా ఇవ్వకు."

అడగకుండా ఉండలేదు. ఇంటి కప్పు మీద కొమ్మ వాలిందని ఒకసారి వచ్చింది. కుసుమ తనే వెళ్లి కోసి వచ్చింది. కంచె కర్రలు కావాలని ఇంకోసారి వచ్చింది. కుసుమ కోసిన కర్రలు ఇచ్చి పంపింది. తిరిగి వెళ్తున్న ఆమె వీపు చూడలేక తలుపు వేసుకుంది. మూడోసారి రూపవతి రాలేదు. చెట్లు పోయిన చోటల్లా గుంటలు తవ్వి జీడిమొక్కలు నాటుకుంది. ఆ పనిలో ఆమె చేతికి ఎవరూ సాయం రాలేదు.

వేళ్లు తెగకుండా, రక్తం కారకుండా ఉండటానికి ఏమేం కావాలో ఆ తొడుగు చేసినవాళ్లు అన్నీ లెక్కవేశారు. ఇది వాళ్ల లెక్కలోకి రాలేదు.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం తీరం పొడుగునా హెచ్చరిక మోగింది. పెద్దగాలి, తెల్లారేలోగా దాటిపోతుందన్నారు. జనం రేకులకు తాళ్లు కట్టుకున్నారు, ఆవుల్ని విప్పుకున్నారు, పిల్లల్ని చంకనేసుకుని షెల్టరు వైపు పరుగులు తీశారు. ముసలివాళ్లను తీసుకెళ్లడానికి కుసుమ ఒక్కో ఇంటికీ వెళ్తూ రూపవతి గుమ్మంలోకి వచ్చింది.

రూపవతి అద్దం ముందు కూర్చుని ఉంది. తలకు నూనె రాసి, చిక్కు తీసి, పాయలు విడదీసి నింపాదిగా జడ అల్లుకుంటోంది. పెట్టెలోంచి తీసిన చిలకపచ్చ చీర కట్టుకుంది. ఊరంతా గాలికి వణుకుతూంటే ఆమె ముఖం మాత్రం కళకళలాడుతోంది. కుసుమను చూసి సిగ్గుపడింది, కానీ దువ్వెన కింద పెట్టలేదు.

కుసుమ ఆమె బట్టల సంచీ అందుకుని, రెండో చేత్తో ఆమె చెయ్యి పట్టుకుంది. గట్టు దాటుతుండగా రూపవతి మెల్లగా అడిగింది.

"రేపు ఆ తొడుగుల గది ఎప్పుడు తెరుస్తావే?"

"తెల్లారగానే పిన్నీ," అంది కుసుమ.