కోరుట్లలో ఆగిన పాట

చాయ్ పొంగి స్టవ్ మీద పడింది. కమల పక్కనే నిలబడి ఉంది, చూస్తూనే ఉంది, అయినా పొంగింది. హాల్లో పేపరు చదువుతున్న కిషన్ రావు మాడు వాసన పట్టి, నిలబడే నిద్రపోతున్నావా ఏందని నవ్వాడు. కమల గట్టు తుడిచి మళ్ళీ ఫోను వైపే చూసింది.

జగిత్యాలలోని ఆ వంటింటికి రోజూ ఈ వేళకు ఒక పాట రావాలి. సిరిసిల్ల నుంచి దేవమ్మ ఒక చరణం పాడి పంపుతుంది. కమల చాయ్ గిన్నె పక్కన ఫోను పెట్టుకుని దాన్ని అందుకుని పాడి పంపుతుంది. ఏడాదిగా ఇదే వరస. ఈ రోజు ఫోను పలకలేదు. ఎందుకు పలకలేదో కమలకు బాగా తెలుసు. తెలిసి కూడా ఎదురుచూస్తోందంటే ఏమనాలి మనిషిని?

'పొలంగట్టు పాటలు' అని ఫోనులో ఒక గ్రూపు ఉంది. కమలను అందులో చేర్చింది కూతురు వైష్ణవి. ఎల్లేశం సారు అనే రిటైరైన బడిపంతులు దాన్ని నడుపుతాడు. నాట్లలో, కలుపుల్లో పాడిన పాటలు తెలిసినవాళ్ళు పాడతారు, తెలియనివాళ్ళు నేర్చుకుంటారు. కమల తెలియనివాళ్ళలో ఒకతె. వెల్గటూర్ దొరల ఆడబిడ్డ. చిన్నప్పుడు ఆ పాటలను మేడ మీద నుంచి విన్నదే తప్ప మడిలో కాలు పెట్టి ఎరగదు. గొంతు మాత్రం దేవుడు చక్కగా ఇచ్చాడు.

అక్కడ ఆమె ముందుగా నేర్చుకున్నది, నాటు పాటకు కనీసం ఇద్దరుండాలని. ఒకామె చెప్పాలి, ఇంకొకామె అందుకోవాలి. ఎవరూ అందుకోకపోతే చెప్పినామె నడి మడిలో వెర్రిదానిలా నిలబడిపోతుంది. పాట తెగిందని నాట్లయ్యేదాకా ఊరంతా నవ్వుతుంది. అందుకే ఎల్లేశం సారు కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ మొదట ఈ మాటే చెబుతాడు. రాగం తప్పితే తప్పనీ, చెప్పినామెను మాత్రం నడిమిట్ల విడిచిపెట్టొద్దంటాడు. కమల ఈ మాటను ఇంటికొచ్చిన చుట్టాలందరికీ మురిసిపోయి చెప్పేది.

దేవమ్మది బీడీలు చుట్టే బతుకు. భర్త పోయాక ఆ బీడీల మీదే కూతురు సౌమ్యను నర్సు చదివించింది. ఆదివారం చర్చికి పోతుంది. వయసులో పెగడపల్లి పొలాల్లో కూలికి పోయిన రోజుల పాటలు ఆమె దగ్గర కుప్పలుగా ఉన్నాయి. ఆమె ఏ కులమో కమలకు మొదటి నెలలోనే అర్థమైంది. అర్థమయ్యే చెల్లె అని పిలిచింది, అక్కా అని పిలిపించుకుంది. ఫోనులో కలిసేవి గొంతులే కదా, కంచాలు కాదు కదా!

పోయిన వానకాలం కమల రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. భర్తకు చెప్పలేదు, బిడ్డకు చెప్పలేదు. చీరలు కొనాలని చెప్పి కరీంనగర్ పోయి పరీక్ష చేయించుకుంది. రిపోర్టు వచ్చేదాకా రోజూ మధ్యాహ్నం దేవమ్మకు ఫోను చేసి ఏడ్చింది. దేవమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే వినేది. ఏడుపు తగ్గాక నెమ్మదిగా ఒక పాట చెప్పేది, కమల ముక్కు ఎగబీలుస్తూనే అందుకునేది. భయం లేదని రిపోర్టు వచ్చిన వారం దేవమ్మ చర్చిలో లేచి నిలబడి, మా అక్కకు దేవుడు మేలు చేసిండని అందరి ముందు సాక్ష్యం చెప్పింది.

అట్లాంటి దేవమ్మను నిన్న కోరుట్లలో కమల ఏం చేసిందో చెప్పాలంటే నోరు రావడం లేదు గాని, చెప్పక తప్పదు.

గ్రూపు వాళ్ళంతా కలుద్దామని కోరుట్లలో ఒక ఫంక్షన్ హాలు మాట్లాడుకున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం అదే మొదలు. కమలకు కాబోయే వియ్యపురాలిది కూడా కోరుట్లే. కొడుకు ప్రణయ్‌కు ఆమె కూతురు రమ్యను ఖాయం చేసుకున్నారు, వచ్చే నెల వరపూజ. పట్టింపులున్న పాత దొరల ఇల్లు వాళ్ళది. నేను పాడతాను, చూద్దురు రండని కమలే గొప్పకు పోయి తల్లీకూతుళ్ళను పిలిచింది.

హాలు గుమ్మం దగ్గర కమల ఎవరితోనో మాట్లాడుతుంటే, నీలం చీర కట్టుకున్న బక్కపలచని మనిషి ఒకామె గబగబా వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, నువ్వే గద. గొంతు పట్టిచ్చింది నిన్ను," అంది. ఆమె కళ్ళల్లో అప్పటికే నీళ్ళున్నాయి.

వియ్యపురాలు ఆ చేతులను చూసింది. పొగాకు మరకలున్న వేళ్ళను, కమల బంగారు గాజులను మార్చి మార్చి చూసింది.

"ఎవలు వదినా, ఈమె?"

కమల చేతులు వెనక్కి లాక్కుంది. "తెల్వది. గ్రూపుల ఎవలెవలో ఉంటరు గద," అని లోపలికి నడిచింది.

అక్కడితో ఆగినా బాగుండేది. దేవమ్మ పిచ్చిది, అక్క మొగమాటపడిందేమో అనుకుంది. తన వంతు రాగానే స్టేజీ ఎక్కి, ఇద్దరూ ఎన్నో పొద్దులు కలిసి పాడిన పాటే ఎత్తుకుంది.

"మబ్బు కమ్మిన మడిల ఒక్కదాన్నయితినే,
ఎంట రావే అక్క, ఎంట రావే..."

'వస్తున్న, చెల్లె' అని కమల అందుకోవాలి. దేవమ్మ ఆమె కూర్చున్న వరస వైపు చూసి ఆగింది. హాలంతా ఆగింది. దేవమ్మ మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. కమల హ్యాండ్‌బ్యాగు తెరిచి అందులో ఏదో వెతకసాగింది. ఆఖరికి ఎల్లేశం సారే తన బొంగురు గొంతుతో అందుకున్నాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. దేవమ్మ పాట పూర్తి చేయకుండానే కొంగుతో ముఖం తుడుచుకుని మెట్లు దిగింది.

రాత్రంతా కమల తనకు తాను సర్ది చెప్పుకుంది. కొడుకు పెళ్ళి, పరువు, నలుగురి ముందు సంగతి, దేవమ్మకు రేపు ఫోనులో చెబితే అర్థం చేసుకుంటుంది. ఇప్పుడు పొంగిన చాయ్ ముందు నిలబడితే ఆ మాటల్లో ఒక్కటీ నిలబడడం లేదు.

వైష్ణవి ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, దేవమ్మ పిన్ని గ్రూపుల నుంచి ఎల్లిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తుత లేదు."

కమల ఆ ఫోను లాక్కుని చూసింది. పైకి మాత్రం, పోతే నేనేం చెయ్యాలె, గంత మాత్రానికే అలిగితే ఎట్ల అని గొణిగింది. వైష్ణవి ఊరుకోలేదు. నిన్న రమ్యతో కలిసి గుమ్మం దగ్గర, తర్వాత వెనక వరసలో ఉండి అంతా చూసిన పిల్ల. గుమ్మం దగ్గర జరిగింది, స్టేజీ మీద జరిగింది, తండ్రికి వినపడేటట్టు చెప్పేసింది. వింటుంటే ఆ మనిషిని తానే స్టేజీ మీది నుంచి తోసేసినట్టనిపించి కమల తలెత్తలేకపోయింది.

కిషన్ రావు పేపరు మడిచి లేచి వచ్చాడు. తిడతాడేమోనని కమల అనుకుంది. తిడితే బాగుండుననీ అనుకుంది.

"మంచి పని చేసినవ్ కమలా," అన్నాడాయన మనస్ఫూర్తిగా. "వియ్యపురాలి ముందట ఇంటి పరువు నిలవెట్టినవ్. ఫోన్ల ఏమన్న పాడుకో, వద్దన్ననా? గసొంటోళ్ళను నెత్తికెక్కిచ్చుకునుడు మన ఇంటా వంటా లేదు."

పెళ్ళై ఇన్నేళ్ళలో ఆయన ఆమెను మెచ్చుకున్న సందర్భాలు తక్కువ. ఈ మెప్పు చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది. కమల గ్యాస్ బంద్ చేసి, అక్కడే కింద కూర్చుంది.

"వానకాలంల నాకు రొమ్ముల గడ్డ అచ్చింది," అంది. "క్యాన్సరేమో అని పరీక్ష చేయించుకున్న. మీకు చెప్పలే. చెప్తే మీరు ఆగమైతరని చెప్పలే. రిపోర్టు అచ్చేదాక నన్ను పట్టుకున్నది ఆమెనే. నిన్న గామెనే తెల్వదన్న."

వైష్ణవి వచ్చి తల్లి పక్కన కూర్చుంది. కిషన్ రావు గోడకు చెయ్యి ఆనించుకుని నిలబడ్డాడు. అదే ఇంట్లో, అదే మంచం మీద, పక్కనే పడుకున్న మనిషికి ఇంత జరిగితే తనకు తెలియలేదు. సిరిసిల్లలో బీడీలు చుట్టే మనిషికి తెలిసింది. ఇప్పుడెట్లుంది అని అడగబోయి ఆగాడు. తయారుకా, సిరిసిల్ల పోదాం అని మాత్రం అన్నాడు.

వేములవాడ దాటాక కమల ఫోను తీసి కోరుట్లకు కలిపింది. పెళ్ళి అయ్యాక చెప్పుకోవచ్చు కదా అన్నాడు కిషన్ రావు మెల్లగా. ఆమె వినలేదు. నిన్న గుమ్మం దగ్గర చేతులు పట్టుకున్నామె తనకు తోడబుట్టినదానికంటే ఎక్కువని, తెలియదని అబద్ధమాడానని, ప్రణయ్ పెళ్ళికి ఆమెను ముందు వరసలో కూర్చోబెడతానని చెప్పింది. మా ఇంట్లో మాట్లాడుకుని చెబుతాం వదినా అని వియ్యపురాలు పెట్టేసింది. కిషన్ రావు కారు మాత్రం వెనక్కి తిప్పలేదు.

దేవమ్మ ఉండే సందు చివర ఆయన కారులోనే కూర్చుండిపోయాడు. కమల ఒక్కతే నడిచింది. దేవమ్మ అరుగు మీద బీడీలు చుడుతోంది. చూసి, చాట పక్కన పెట్టి, లోపలి నుంచి కుర్చీ తెచ్చి తుడిచి వేసింది.

"కూసోండ్రి దొరసాని. పిల్లగాన్ని తోలి దుకాన్ల నుంచి నీళ్ళ బాటిల్ తెప్పిస్త," అంది.

ఆ మర్యాద చూసి కమలకు ఏడుపు తన్నుకొచ్చింది. కోపం చేసినా, పొమ్మన్నా ఓర్చుకునేది. వియ్యపురాలికి ఫోనులో ఏం చెప్పిందో చెప్పింది, తప్పయింది చెల్లె అంది, కాళ్ళు పట్టుకోబోయింది. దేవమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"మీరు పాడకుంటే పాడకపోతిరి. తెల్వదంటే అంటిరి. నేను సిన్నప్పటి సంది పడ్డయే గవన్ని." దేవమ్మ అరుగు అంచున కూర్చుంది. "మా సౌమ్యను లీవు వెట్టిచ్చి తీస్కచ్చిన, మా అక్కను సూపెడత రావే అని. అది లోపట సీట్లు పట్టుకోని కూసున్నది, గుమ్మంకాడ అయింది సూడలే. బస్సుల అడిగింది, నీ అక్క ఏదమ్మా అని. ఏం జెప్పాలె నేను? రాలేదట బిడ్డా, పానం బాగలేదట అన్న. కన్నబిడ్డతోని అబద్ధమాడిన మీకోసం."

ఆ బస్సులో తల్లీకూతుళ్ళు పక్కపక్కన కూర్చుని ఉండడం కమలకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. పొంగి వస్తున్న ఏడుపును నోట్లో కొంగు కుక్కుకుని ఆపుకుంది. దేవమ్మ ఓదార్చలేదు, పొమ్మనలేదు.

అప్పుడే సౌమ్య డ్యూటీ దిగి వచ్చింది. తెల్లకోటు చేతి మీద వేసుకుని, అరుగు మీద ఏడుస్తున్న పెద్దింటి మనిషిని చూసి వాకిట్లోనే ఆగిపోయింది.

"ఎవలమ్మా?" అని తల్లిని అడిగింది.

కమల తలెత్తి దేవమ్మను చూసింది. నిన్న తనను అడిగినట్టే ఇప్పుడు దేవమ్మను అడిగారు. తెల్వది అన్నా తాను నోరెత్తడానికి లేదు. దేవమ్మ కమల ముఖంలోకి చాలాసేపు చూసింది. చూసి చూసి, ఒళ్ళో రాలిన ఆకుముక్కలు దులుపుకుంది.

"కోరుట్లకు రాలేదంటి గద బిడ్డా, మీ పెద్దమ్మ," అంది. "ఇయ్యాల అచ్చింది. పోయి అన్నం వెట్టు."