తల్లి రక్తం కలిసిన స్లైడు

“ఈ ఎలుక కడుపు పండిన తేదీ మీరు తప్పు రాశారు,” అన్నాడతను, ల్యాబులో మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే.

ఎలుకల గది చూసుకునే అమ్మాయి గుమ్మంలోనే ఆగింది. “నేనా? జతకట్టిన గుర్తు ఆ రోజు పొద్దున్నే నా కళ్లతో చూసి రాశాను.”

“అయితే ఇవేంటి? పిండం ఇంకా చిన్నదైతే దాని రక్తంలో ఎర్ర కణాలు పెద్దగా ఉండాలి, వాటిలో కేంద్రకం ఉండాలి. ఇక్కడ సగం కణాల్లో కేంద్రకమే లేదు. అంటే పిండం వయసు మీరు రాసినదానికంటే ఎక్కువ.”

“మళ్లీ చూడండి, కళ్లజోడు గారూ.”

ఆ పేరు పెట్టింది ఆమే. ఆ పిలుపు కోసం అతను రోజూ ఏదో ఒక వంకతో ఎలుకల గదికి వెళ్లేవాడు. కాఫీకి రమ్మనాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

అతను స్లైడు మళ్లీ చూడలేదు. మధ్యాహ్నం మీటింగులో, ల్యాబు నడిపే పెద్ద మేడం తేదీ ఎందుకు తప్పిందని అడిగితే, “ఆ ఎలుకమ్మ మన అమ్మాయికి చెప్పకుండా ముందే పెళ్లి చేసేసుకుంది మేడం,” అన్నాడు. ఆ అమ్మాయిని నవ్విద్దామనుకున్నాడు. అందరూ నవ్వారు, ఆమె తప్ప.

“రేపట్నుంచి తేదీలు ఇంకొకరు చూస్తారు,” అంది పెద్ద మేడం. మర్నాడే ఆ అమ్మాయి రాజీనామా ఇచ్చింది.

ఆమె ఆఖరి రోజున అతను అదే వయసు పిండాన్ని ఇంకోదాన్ని కోశాడు. తేదీ వేరేవాళ్లు రాసిందే. స్లైడులో మళ్లీ సగం సగం. అదే తల్లి కడుపులోని మరో పిండాన్ని సెలైన్‌లో రెండోసారి కడిగి, అప్పుడు రక్తం కోసం బొడ్డుతాడు కోశాడు. ఈసారి అన్నీ పెద్ద కణాలే, అన్నింటిలో కేంద్రకం. కేంద్రకం లేనివన్నీ పిండానికి పైన అంటుకున్న తల్లి రక్తంలోవి. కడగడంలో తొందరపడింది తనే.

బస్టాపుకి పరిగెత్తాడు. ఆమె సంచితో నిలబడి ఉంది.

“మీ తేదీ సరైందే. నేనే సరిగ్గా కడగలేదు.”

“తెలుసు.”

“తెలిస్తే చెప్పలేదేం?”

“మళ్లీ చూడమన్నానుగా.”

అతను ఊపిరి తీసుకున్నాడు. “నాకు మీరంటే ఇష్టం.”

“నాకూ ఉండేది. ఆ మీటింగు దాకా.”

“వెళ్లకండి. సోమవారం అందరి ముందూ చెప్తాను.”

“నవ్వింది అందరూ. సారీ మాత్రం బస్టాపులో నాకొక్కదానికి చెప్తున్నారు,” అంది. “చెప్పండి సోమవారం. నేనుండను.”

బస్సొచ్చింది. ఆమె ఎక్కింది.

సోమవారం మీటింగులో అతను లేచి నిలబడి అంతా చెప్పాడు. ఎవరూ నవ్వలేదు.

“సరే, ఇకమీదట రెండుసార్లు కడుగు,” అంది పెద్ద మేడం. “తర్వాతి స్లైడు చూపించు.”

చూపించాడు.