హెప్సిబా గొంతుతో అబద్ధం

“నా మొగుడు సచ్చిపోతే సంపింది నీ గొంతే!”

మెట్ల మీద నుంచి ఈ కేక వినబడగానే లహరి కంప్యూటర్ ముందు నుంచి లేచి నిలబడింది. ఆదోని మార్కెట్ యార్డుకు ఎదురుగా, విత్తనాల అంగడి పైన ఉన్న ఆ చిన్న గది డిటెక్టివ్ గురురాజ ఆఫీసు. పెళ్లి సంబంధాల వాకబులు, పత్తి తూకాల్లో మోసాలు, ఇల్లు విడిచిపోయిన మనుషులు, ఎక్కువగా వచ్చే కేసులు ఇవే. ఇద్దరు ఆడవాళ్లు తిట్టుకుంటూ వచ్చి ఒకే కేసు చెప్పడం మాత్రం లహరి ఆయన దగ్గర చేరాక ఇదే మొదలు.

ముందు వచ్చినామె హెప్సిబా. కోసిగిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో టీచరు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. బిడ్డను చంకనేసుకుని వెనకే వచ్చినామె మారెమ్మ, కూలి మనిషి. అరిచింది ఆమే.

గురురాజ ఇద్దరికీ కుర్చీలు చూపించాడు. “కూర్చోండమ్మా. ముందు నీళ్లు తాగండి. ఒకరు చెప్పినాక ఇంకొకరు చెబుదురు.”

మారెమ్మ కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

కోసిగి చుట్టుపక్కల పల్లెల్లో పంట పని అయిపోగానే కుటుంబాలకు కుటుంబాలే వలస పోతాయి. తీసుకుపోయేవాడు మేస్త్రి. వాడు మంచివాడైతే నాలుగు నెలలు కష్టపడి తిరిగొస్తారు. కాకపోతే ఏమవుతుందో పోయినవాళ్లకే తెలుసు. అందుకే హెప్సిబా ‘వలసదారి’ అని ఒక చిన్న వెబ్‌సైటు పెట్టింది. ఫోనులో మేస్త్రి ఫోటో మీద వేలు పెడితే, అతని గురించి కూలీలు చెప్పిన మాట వినిపిస్తుంది. చదువు రానివాళ్లకు అదే దిక్కు.

“ఎర్రిస్వామి మేస్త్రి ఫోటో మీద ఒత్తితే ఈ టీచరమ్మే మాట్లాడిందప్పా. ‘ఈయన మీద ఇంతవరకు ఎవరూ తప్పు సెప్పలేదు’ అనింది. ఆ మాట నమ్మి గుంటూరు దిక్కు మిరప చేన్లకు లారీ ఎక్కినాము. ఆడకు పోయినాక ఫోన్లు గుంజుకున్యారు. రాత్రయితే రేకుల షెడ్డుకు తాళం! నా మొగుడు యేసేపు సలిజరంతో లేవలేక పడిండాడు. ఆస్పత్రికి తోల్కపోమని కాళ్లు పట్టుకుంటే, ‘పని ఎగ్గొట్టేదానికి నాటకాలు’ అన్యాడు ఆ నాయాలు!”

మారెమ్మ బిడ్డతో కూరగాయల బండిలో దాక్కుని తప్పించుకుని వచ్చింది. యేసేపు అక్కడే ఉన్నాడు.

“ఏ ఊరు?” అన్నాడు గురురాజ.

“అదే తెల్దప్పా. సీకట్లో తోల్కపోయినారు. బోర్డులు సదవను నాకు రాదు. ఎర్రిస్వామిని అడిగితే నువ్వు నాతో రానేలేదు పో అంటాండాడు.”

హెప్సిబా ఇక ఆగలేకపోయింది. “సార్, ఆ ఎర్రిస్వామి గురించి ముగ్గురు ఆడోళ్లు పోయిన సెప్టెంబరులో ఏడ్సుకుంట సెప్పినారు. తాళాలు, దెబ్బలు, ఆ షెడ్డుండే ఊరు, అన్నీ సెప్పినారు. అవన్నీ సైటులో పెట్టినాను. ఈ పొద్దు చూస్తే ఒక్కటీ లేదు. నా గొంతు మాత్రం ఎర్రిస్వామి మంచోడంటాంది!”

“ఆ ముగ్గురూ ఎక్కడున్నారు?”

“బెంగళూరు దిక్కు పనికి పోయినారు. ఫోన్లు కలవడంలేదు. ఊరి పేరు నాకు గుర్తులేదు సార్. సైటులో ఉంది కదా అనుకున్యాను.”

గురురాజ ఆ రికార్డింగును కళ్లు మూసుకుని రెండుసార్లు విన్నాడు. “లహరీ, గొంతును వదిలిపెట్టి, గొంతు వెనక ఏముందో విను.”

లహరి చెవి దగ్గర పెట్టుకుని వింది. హెప్సిబా మాటల వెనక బొరుగులు వేయిస్తున్నట్టు టపటపమని చప్పుడు. రికార్డింగు బాగా రాలేదనుకుంది. ఆయన మాత్రం చిన్నగా నవ్వి, హెప్సిబాను అడిగాడు.

“మీ బడి పైకప్పు ఏందమ్మా?”

“రేకులు సార్. సైటు పని అంతా బళ్లోనే చేస్తాను.”

“సైటు పాస్‌వర్డ్ ఎవరెవరి దగ్గరుంది?”

“నా దగ్గర, భరత్ దగ్గర. ఆదోనిలో పత్తి వ్యాపారి కొడుకు. సైటు తయారు చేసిచ్చింది అతనే.”

“సైటుకు చోటిచ్చింది ఎవరు? సర్వర్ ఎవరిది?”

“ఎమ్మిగనూరులో ప్రకాష్ అని ఉండాడు. వేరే కంపెనీవాళ్లు ఏడాదికింత కట్టాలన్యారు. ప్రకాష్ అన్న, ‘సేవ చేసేదానికి డబ్బులెందుకక్కా, ఫ్రీగా పెట్టుకో’ అన్యాడు.”

“ఫ్రీగానా?” గురురాజ కనుబొమలు పైకి లేచాయి. “మరి ఆయన కడుపెట్లా నిండుతుందని అడగలేదా?”

“అడగలేదు సార్,” అంది హెప్సిబా.

*

భరత్ వాళ్ల నాన్న అంగడిలోనే దొరికాడు. పాతికేళ్ల కుర్రవాడు. విషయం వినగానే ముఖం ఎర్రబడింది.

“మీ జిన్నింగు మిల్లుకు కూలీలను తెచ్చేది ఎర్రిస్వామేనా?” అన్నాడు గురురాజ.

“అవును. అయితే నేనే మార్చినానంటారా?”

“నేనేమీ అనలేదు. హెప్సిబా పాత రికార్డింగులు మీ దగ్గర ఉంటాయా?”

“లేవు సార్. అక్క నేరుగా సైటులోనే మాట్లాడుతుంది. కొత్తది పెడితే పాతది తుడిచిపెట్టుకుపోతుంది. మా ఇద్దరికీ మళ్లీ దొరకదు.” అతను లహరి వైపు తిరిగాడు. “డబ్బులిచ్చి మంచి కంపెనీలో పెట్టుకోమని నేను ఎంత చెప్పినానో అక్కనే అడగండి!”

లహరికి అతని మీద అనుమానం పోలేదు. కోపం అంత త్వరగా తెచ్చుకున్నవాడిని నమ్మడం ఎలా?

ఎమ్మిగనూరులో ప్రకాష్ ఆఫీసు ఒక మేడ మీద ఉంది. కింద మెట్ల పక్కన నీలం టార్పాలిన్ పట్టలు, నీళ్ల డ్రమ్ములు, వంద మందికి వండే డేగిసాలు గుట్టగా పడి ఉంటే, లహరి చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి వాటిని దాటుకుని ఎక్కింది. గురురాజ మాత్రం ఒక డ్రమ్మును వేలితో తట్టి చూశాడు.

ప్రకాష్ ఎంతో మర్యాదగా కుర్చీలు వేశాడు.

“అయ్యో సార్, దాంట్లో దాపరికమేముంది? దీపావళప్పుడు కరెంటు ఎక్కువై సర్వర్ కాలిపోయింది. సైటు మొత్తం పోయింది. నా దగ్గర జూలై నాటి పాత కాపీ ఒక్కటే ఉంటే అదే ఎక్కించినాను. జూలైలో ఎర్రిస్వామి మీద ఎవరూ ఏమీ చెప్పలేదు కాబట్టి ఆ మాటే వస్తాంది.”

“ఆ సంగతి హెప్సిబాకు చెప్పినారా?”

“సైటు మళ్లీ వచ్చిందక్కా అని చెప్పినాను. తెరిచి చూసుకుని సంతోషపడింది కూడా. ఫ్రీగా ఇచ్చేది సార్. ఇంతకంటే ఏం చేస్తాం?”

లహరికి ఒళ్లు మండిపోయింది. ఎక్కడో ఒక మనిషి జ్వరంతో తాళం వెనక పడి ఉంటే, ఇతను ఫ్రీ అంటాడా? ఆమె నోరు తెరవబోయేంతలో గురురాజ లేచి రెండు చేతులూ జోడించాడు.

“చాలా బాగా వివరించారండీ. జూలై తర్వాతి కాపీ ఒక్కటి కూడా లేదు కదా?”

“ఒట్టు సార్. ఒక్కటీ లేదు.”

“మీ సమయం తీసుకున్నాము. క్షమించాలి.”

గురురాజకు కోపం పెరిగేకొద్దీ మర్యాద పెరుగుతుందని ఆమెకు తెలుసు. ‘అండీ’ వరకు వచ్చాడంటే ఎదుటివాడి పని అయిపోయినట్టే.

కిందికి దిగాక ఆయన టీ అంగడి బల్ల మీద కూర్చున్నాడు. “ఆ సైటులో ఉన్న మేస్త్రీలందరి మాటలూ విను. ఒక్కటి కూడా వదలొద్దు,” అని, తాను టీ అంగడాయనతో కబుర్లలో పడ్డాడు.

లహరి ఒక్కొక్క ఫోటో మీదా వేలు పెట్టి విన్నది. ఇంకో మేస్త్రి ఫోటో దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. పెద్దకడుబూరు నుంచి సునీత అనే ఆమె మాట్లాడుతోంది. “ఈ మేస్త్రి మంచోడే కానీ, మొన్న వినాయక చవితికి ఇంటికి పోతామంటే పంపలేదు...”

వినాయక చవితి! లహరి తిరిగి మొదటి నుంచి విన్నది. తర్వాత ఆ ఫోను తీసుకుపోయి గురురాజ చెవి దగ్గర పెట్టింది. ఆయన విని, టీ గ్లాసు కింద పెట్టి, తనకు తెలిసిన ఎస్సై మహేశ్వరికి ఫోను చేశాడు.

*

మరునాడు ప్రకాష్ ఆఫీసు గది మనుషులతో నిండిపోయింది. హెప్సిబా, భరత్, బిడ్డతో మారెమ్మ, గోడకు ఆనుకుని ఎస్సై మహేశ్వరి. చివరికి ఎర్రిస్వామి కూడా వచ్చాడు. కింద లారీకి డ్రమ్ములు ఎత్తిస్తున్నవాడిని కానిస్టేబులు పైకి తీసుకొచ్చాడు. మారెమ్మ అతని మీదికి దూకబోతే హెప్సిబా నడుం పట్టుకుని ఆపింది.

“ముందు టీచరమ్మ గొంతు సంగతి,” అని గురురాజ మొదలుపెట్టాడు. “ఆ రికార్డింగు దొంగది కాదు. ఆమె చెప్పిందే. వెనక టపటపమని వినిపించేది రేకుల మీద వాన. దీపావళి నుంచి ఈ పొద్దు వరకు కోసిగిలో చినుకు లేదు. అంటే అది వానాకాలంలో, ఎర్రిస్వామి మీద ఎవరూ నోరు విప్పకముందు చెప్పిన మాట. అది అప్పటికి నిజం. ఇప్పుడు అబద్ధం. నిన్నటి నిజాన్ని తెచ్చి ఈనాటి నోట్లో పెట్టినారు.”

“నేనూ అదే చెప్పినాను కదా సార్!” అన్నాడు ప్రకాష్. “జూలై కాపీ...”

“చెప్పారండీ. ఇంకొక్క మాట కూడా చెప్పండి. సెప్టెంబరులో వచ్చిన వినాయక చవితి గురించి సునీత చెప్పిన మాట మీ జూలై కాపీలోకి ఎట్లా వచ్చింది?”

ప్రకాష్ కంప్యూటర్ తెర వైపు తిరిగాడు. గురురాజ ఆపలేదు.

“మిగతా మేస్త్రీల పేజీలన్నీ దీపావళి వరకు ఉన్న కొత్తవే. జూలై నాటిది ఎర్రిస్వామిది ఒక్కటే. మీ సర్వర్ కాలిపోయినప్పుడు ఎర్రిస్వామి పేజీ ఒక్కటే చూసుకుని కాలిందా అండీ? సర్వరూ కాలలేదు, కాపీలూ పోలేదు. పాస్‌వర్డున్న వీళ్లిద్దరికీ పాత రికార్డింగు దొరకదు. అది దొరికేది కాపీలు దాచుకునే సర్వర్ యజమానికి మాత్రమే. భరత్, నీ మీద అనుమానపడినందుకు మా లహరి తర్వాత క్షమాపణ అడుగుతుందిలే.”

లహరి సిగ్గుతో తల వంచుకుంది.

“ఇక ఎందుకు చేశారన్నది. కింద ఉన్న పట్టలూ డ్రమ్ములూ వలస కూలీలకు తీసుకుపోయే సామాను. వెబ్‌సైట్ల మనిషి మెట్ల కింద అవెందుకు? టీ అంగడాయనను అడిగితే చెప్పినాడు. ఈ మేడ ఎర్రిస్వామిది. మీకు గదీ ఆయనదే, కరెంటూ ఆయనదే. ఎవరిది తింటారో వాళ్ల మాటే కదా వింటారు! ఫ్రీ అని టీచరమ్మకు ఇచ్చారు. ఆ ఫ్రీకి మూల్యం చెల్లించింది యేసేపు.”

ప్రకాష్ చెమట తుడుచుకున్నాడు. “పెద్దాయన ఒక్క పేజీ మార్చమన్నాడు సార్. లేకపోతే గది ఖాళీ చేయిస్తానన్నాడు. ఒక్క పేజీతో ఎవరికేమవుతుందిలే అనుకున్నా...”

“ఎవరికేమయితాది?” మారెమ్మ గొంతు పెళ్లున లేచింది. “నువ్వు మార్చిండేది పేజీ అంట! నా మొగుని మీద ఏసిన తాళమప్పా అది!”

ఎస్సై మహేశ్వరి ముందుకు వచ్చింది. “కంప్యూటర్ తెరువు. సెప్టెంబరు కాపీ తీయ్.”

ప్రకాష్ ఒక ఫోల్డర్ తెరిచాడు. లేదని ఒట్టేసిన కాపీలన్నీ అందులో ఉన్నాయి. లహరి వాటిలో ఒకదాన్ని నొక్కింది. ఆడమనిషి ఏడుపు గొంతు ఆ గదిలో లేచింది. తాళాలు, దెబ్బలు, కాలువ గట్టు పక్క షెడ్డు, ఆ ఊరి పేరు. ఎర్రిస్వామి తలుపు వైపు చూశాడు. అక్కడ కానిస్టేబులు నిలబడి ఉన్నాడు.

ఎస్సై అక్కడి పోలీసులకు ఫోను చేసింది. సాయంత్రానికి తాళం పగిలింది. లోపల యేసేపుతో పాటు ఇంకో రెండు కుటుంబాలు ఉన్నాయి. యేసేపును నేరుగా ఆస్పత్రికి చేర్చారు. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడట. బతికాడన్న సంతోషం కంటే, ఆ ‘ఇంకొంచెం’ తలచుకున్నప్పుడల్లా లహరికి కోపమే ఎక్కువగా వచ్చేది.

*

సైటుకు కొత్త చోటు చూడాల్సి వచ్చింది. ఈసారి గురురాజ ఆఫీసులోనే కూర్చుని హెప్సిబా ఒక్కొక్క కంపెనీకీ ఫోను చేసింది. పక్కన భరత్, లహరి.

“సైటు పేరు మా పేరు మీదే రిజిస్టరు చేస్తారా, మీ పేరు మీదనా?” దానికి నసిగినవాడిని ఆమె వెంటనే వదిలేసింది. “కాపీ నేను కావాలన్నప్పుడల్లా దించుకోవచ్చునా? సైటు ఆగిపోతే ఫోనెత్తే మనిషి ఉంటాడా?” అన్‌లిమిటెడ్, ఫ్రీ, ఆఫరు అని ఒకడు ఊదరగొడుతుంటే ఆమె గట్టిగా అడ్డుపడింది. “నాయనా, ఫ్రీ సంగతి మాకు బాగా తెలిసింది. నేనడిగేది ఒక్కటే. మా ఊళ్లో పెద్దమనిషి ఒకడొచ్చి, ఆ పేజీ తీసెయ్ అంటే ఏం చేస్తావు?”

చాలామంది అదేం ప్రశ్న అన్నట్టు తడబడ్డారు. ఒక అమ్మాయి మాత్రం తడుముకోకుండా చెప్పింది. “మీరు చెప్పాలండీ, లేదంటే కోర్టు ఆర్డరు రావాలి. వేరే ఎవరు చెప్పినా ముట్టుకోము. ఆ మాట ఒప్పందంలో కూడా ఉంటుంది, పంపిస్తాను, చదువుకోండి.” హెప్సిబా, భరత్ ఆ ఒప్పందాన్ని ఒక్క అక్షరం వదలకుండా చదివారు. ఆ తర్వాతే డబ్బు కట్టారు. కాపీ ఒకటి కోసిగి బళ్లో, ఇంకొకటి ఆదోనిలో పెట్టుకున్నారు.

సైటు కొత్త చోట లేచిన రోజు మారెమ్మ వచ్చింది. యేసేపు ఇంటికి చేరాడు, ఇంకా నీరసంగా ఉన్నాడని చెప్పింది. టీచరమ్మ వైపు చూడకుండానే ఆమె పక్కన బెంచీ మీద కూర్చుంది.

“నా మాట కూడా ఎక్కియ్యక్కా.”

“పేరు సెప్పొద్దులే మారెమ్మా,” అంది హెప్సిబా. “వాని మనుషులు ఊళ్లోనే తిరుగుతాండారు. పేరు లేకుండా పెడదాము.”

“ఎందుకు దాయాల?” మారెమ్మ కళ్లు మండాయి. “దాసుకునేటోళ్లు వాళ్లు, నేనా? ఒత్తు.”

లహరి రికార్డింగు నొక్కింది. మారెమ్మ ఫోనును నోటి దగ్గరకు తీసుకుంది. పిలిస్తే పక్క వీధి దాకా వినబడే గొంతుతో మొదలుపెట్టింది.

“నేను మారెమ్మను. మాది కోసిగి. యేసేపు పెండ్లాన్ని. ఎర్రిస్వామి లారీ ఎక్కబోయేటోళ్లు ఎవరన్నా ఉంటే, దిగి నా మాట ఇనుకోని, ఆ తర్వాత ఎక్కుతారో లేదో మీరే సూసుకోండి.”