సందు చివరి ఇంట్లో లైటు వేసేదెవరు?

సందు చివరి ఇంటికి మంచి పేరు లేదు.

ఒక్కొక్కరిదీ ఒక్కో కథ. కిటికీలోంచి తెల్లచీర ఆడమనిషి చూస్తుందని పాలవాడు చెప్పేవాడు. కాదు కాదు, తల లేని మగాడొకడు మెట్ల మీద కూర్చుని ఎటో చూస్తుంటాడని సెలూన్ షాపాయన. తల లేనివాడు ఎటు చూస్తున్నాడో నీకెలా తెలిసిందయ్యా అని అడిగే బుర్ర ఆ సందులో ఒక్కరికీ లేదు.

చీకటి పడితే చాలు... మీసాలు మెలేసే మగాళ్ళు కూడా ఆ ఇంటి ముందునుంచి రాకుండా, పెద్దరోడ్డు మీదుగా చుట్టు తిరిగి కొంపకి చేరేవాళ్ళు. ఇంత దూరం నడక దేనికండీ అంటే, గాలి కోసం అనేవాళ్ళు. గాలట!

అలాంటి ఇంటిని కారుచౌకగా కొనుక్కుని ఒంటరిగా కాపురం పెట్టింది రిటైరైన టీచరమ్మ. "దెయ్యాలుంటే ఉండనివ్వండి. నేను ముప్పై ఏళ్ళు ఏడో తరగతికి లెక్కలు చెప్పినదాన్ని" అందట. ఆవిడకి అక్కడ ఏదైనా కనిపించిందో లేదో ఎవరికీ తెలీదు. కనిపించినా చెప్పుకునే మనిషి కాదు.

ఆ టీచరమ్మకి కంటి ఆపరేషన్ పడింది. వేరే ఊళ్ళో చెల్లెలి దగ్గర చేయించుకుని, కట్టు విప్పేదాకా అక్కడే ఉండాలి. పోయేముందు ఇంటి తాళంచెవి ఒక పిల్ల చేతిలో పెట్టింది. సందులో పెద్దవాళ్ళెవరూ తీసుకోరు కదా మరి.

ఆ పిల్లని అందరూ మేస్త్రి అని పిలిచేవాళ్ళు. సందు మొదట్లో కుట్టుమిషను పెట్టుకున్నావిడ పెద్దకూతురు. నిండా పన్నెండేళ్ళు లేవు. చేతిఖర్చుకి డబ్బులొస్తాయంటే ఎవరు ఏ పని చెప్పినా ఒప్పుకునేది. ఇస్త్రీ బట్టలు ఇళ్ళకి చేరవేయడం, మందుల షాపులో ఖాళీ అట్టపెట్టెలు మడవడం, పనిలో ఉన్న తల్లుల పసిపిల్లల్ని ఎత్తుకోవడం... ఒప్పుకోవడం వరకే ఆ పిల్ల వంతు. చేసేది ఇంకెవరో. అందుకే ఆ పేరొచ్చింది.

ఒకసారి పక్కింటి పిన్ని తలలో తెల్లవెంట్రుకలు ఏరే పని ఒప్పుకుంది. వెంట్రుకకి ఇంత అని బేరం. తీరా సమయానికి తమ్ముణ్ణి కూర్చోబెట్టి తను ఆటకి పోయింది. వాడు నల్లవీ తెల్లవీ చూడకుండా పీకి పోగేశాడు. పిన్నికి నడినెత్తిన రూపాయి బిళ్ళంత బోడి మిగిలింది. ఇప్పటికీ ఆవిడ మేస్త్రి కనిపిస్తే కొంగు తల మీదికి లాక్కుంటుంది.

ఇంతకీ టీచరమ్మ చెప్పిన పని ఏమంత కష్టమైంది కాదు. సాయంత్రం వరండాలో లైటు వేయాలి. పొద్దున్నే ఆర్పాలి. కుండీలకి నీళ్ళు పోయాలి. గదులు ఊడ్చి తడిగుడ్డ పెట్టాలి. మనుషులున్న ఇల్లులా కనిపించాలి, అంతే.

"సరిగ్గా చేశావనుకో... హాల్లో ఉన్న నా సైకిలు నీకిచ్చేస్తాను. నేనింక తొక్కలేను" అంది టీచరమ్మ. "చేయలేదనుకో, ఇంకో పిల్లకిస్తాను. నాకు కళ్ళు కనపడకపోయినా ఇల్లు చెబుతుంది."

సైకిలు! ముందు బుట్ట, వెనక క్యారియరు, మోగే గంట. ఆ సైకిలుంటే ఈ సందొక్కటే ఏమిటి, నాలుగు వీధుల ఇస్త్రీ బట్టలూ తనవే. మేస్త్రికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బతుకులో దేనికోసమైనా ఆ పిల్ల అంతలా మనసు పడిందంటే అదొక్కటే.

"దెయ్యాల కొంపకి పోతావుటే?" అని వాళ్ళమ్మ నోరు నొక్కుకుంది.

"దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఈ సందులో మగాళ్ళందరికీ కలిపినా ఒక్క గుండెకాయ లేదు" అంది మేస్త్రి. సెలూన్ షాపాయన వినేలా అంది.

మూడు రోజులు బుద్ధిగా వెళ్ళింది. లైటు వేసింది, నీళ్ళు పోసింది, కనిపించినంత మేర చీపురు ఆడించింది.

నాలుగో సాయంత్రం వరండాలో స్విచ్చి మీద చెయ్యి వేసింది. లోపల ఎక్కడో... కుర్చీ జరిగిన చప్పుడు.

ఎలుక అనుకుంది. కుర్చీని లాగే ఎలుకని ఎవరు చూశారో ఏమో! మేస్త్రి మాత్రం ఎలుకేనని గట్టిగా నిర్ణయించుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటిదాకా పరిగెత్తింది. ఇంట్లోకొచ్చాక, ఊపిరి అందాక, తమ్ముణ్ణి పిలిచింది.

"ఒరేయ్, నాకు పని ఎక్కువైంది. ఇవాళ్టి నుంచి ఆ ఇల్లు నువ్వు చూసుకో. సైకిలొస్తే వెనకాల ఎక్కించుకుంటా."

పని ఎక్కువైందట! సందులో అందరికీ గుండెలు లేవన్న మనిషి మాటలివి.

తమ్ముడు తక్కువ తిన్నాడా? అక్క ముందు ఛాతీ విరుచుకుని తాళంచెవి పుచ్చుకున్నాడు. మర్నాడు గేటు దాకా వెళ్ళి, గేటు కిర్రుమంటే వెనక్కొచ్చాడు. మూడోనాటికి ఆ తాళంచెవితో పాటు పిడికెడు గోళీలు కూడా ఇచ్చి చీమిడిగాడికి అప్పజెప్పాడు.

చీమిడిగాడు సైకిలు రిపేరు షాపాయన కొడుకు. వేసవిలో కూడా ముక్కు కారుతూనే ఉంటుంది. గోళీలంటే ప్రాణం. అడిగినవాడికి కాదనడం ఆ నోటికి రాదు.

ఇక చూడండి. రోజూ సాయంత్రం సందు చివర లైటు వెలిగేది. పొద్దున్నే ఆరిపోయేది. కుండీల్లో మొక్కలు ఏపుగా లేచాయి. మేస్త్రి దూరం నుంచి చూసుకుని మురిసిపోయేది. తమ్ముడు పనిమంతుడే అనుకుంది. తమ్ముడేమో చీమిడిగాణ్ణి తలుచుకుని ఫర్వాలేదే అనుకున్నాడు. సందులో ఆడవాళ్ళు ముక్కున వేలేసుకుని, "పిల్లయినా ధైర్యవంతురాలమ్మా" అంటుంటే వాళ్ళమ్మ కుట్టుమిషను ఇంకాస్త చప్పుడుగా తొక్కేది.

ఒకరోజు చీకటి పడుతుండగా మందుల షాపాయన కబురు తెచ్చాడు. టీచరమ్మ ఫోన్ చేసిందట. కట్టు విప్పేశారు. రేపు పొద్దున మొదటి బస్సుకి వచ్చేస్తోంది.

మేస్త్రి వెంటనే తమ్ముణ్ణి చాటుకి లాగింది. "తాళంచెవి ఇటివ్వు. రేపు ఆవిడకి నేనే ఇవ్వాలి."

"నా దగ్గర లేదక్కా... చీమిడిగాడి దగ్గరుంది."

"వాడి దగ్గరెందుకుందిరా?"

"నాకూ పని ఎక్కువైంది."

వీపు మీద రెండు తగిలించి, వాణ్ణి ఈడ్చుకుంటూ రిపేరు షాపు వెనక్కి వెళ్ళింది. అక్కడ చీమిడిగాడు పాత టైర్ల మధ్య గోళీలు తుడుచుకుంటున్నాడు. తాళంచెవి అనే మాట వినగానే వాడి మొహం వాడిపోయింది.

"నా దగ్గర లేదక్కా."

"ఏం చేశావురా?"

"దగ్గర పెట్టుకుంటే పీడకలలొచ్చాయి. అందుకని... కిటికీలోంచి లోపలికి విసిరేశా."

"ఎప్పుడు?"

"ఇచ్చిన మర్నాడే."

మేస్త్రి గొంతు తగ్గించింది. "మరి రోజూ లైటు ఎవరు వేస్తున్నార్రా?"

చీమిడిగాడు ముక్కు ఎగబీల్చి తమ్ముడి వైపు చూశాడు. "నేను మానేశానని తెలిసి నువ్వే వేస్తున్నావనుకున్నా."

తమ్ముడు అక్క వైపు చూశాడు. "నేను... నువ్వేననుకున్నా."

ముగ్గురూ ఒక్కసారే తలలు తిప్పారు. సందు చివర... వరండాలో లైటు అప్పుడే వెలిగింది.

తమ్ముడు ఇంటివైపు లగెత్తాడు. చీమిడిగాడు టైర్ల మధ్యలో దూరిపోయాడు. వీళ్ళకా సైకిలెక్కించేది! మేస్త్రి ఉమ్మేసి, షాపు బల్ల మీదున్న టార్చిలైటు చేతిలోకి తీసుకుంది.

భయం వేయలేదా అంటే, వేసింది.  కానీ దానికంటే పెద్ద భయం ఇంకోటుంది. రేపు పొద్దున్న టీచరమ్మ వచ్చి చూస్తే ఇంట్లో జానెడు దుమ్ము, బూజు. తాళంచెవి ఏదే అంటే చెప్పడానికి మాట లేదు. సైకిలు ఇంకెవరిదో అయిపోతుంది. సందంతా నవ్వుతుంది... అన్నిటికంటే ముందు ఆ సెలూన్ షాపాయన నవ్వుతాడు. ఆయన నవ్వడమే! అది మాత్రం పడలేను అనుకుని నడిచింది.

సందులో ఒక్క తలుపు తెరుచుకోలేదు. కిటికీ సందుల్లోంచి చూసిన కళ్ళు మాత్రం చాలా ఉన్నాయి. పిల్లని ఆగమన్న మగాడు ఒక్కడు లేడు.

గేటు కిర్రుమనలేదు... ఎవరో నూనె వేసినట్టున్నారు.

కుండీల్లో మట్టి తడిగా ఉంది.

తలుపు తోసింది. తాళం లేదు. మెల్లగా తెరుచుకుంది.

లోపల చీకటి. టార్చి వేసింది. నేల అద్దంలా మెరుస్తోంది. బూజు లేదు, దుమ్ము లేదు. బీరువా మీద, కిటికీ ఊచల మీద, ఫ్యాను రెక్కల మీద కూడా వేలు పెడితే ఏమీ అంటడం లేదు. టీచరమ్మ ఉన్నప్పుడు కూడా ఆ ఇల్లు అంత శుభ్రంగా లేదు.

మేస్త్రికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ప్రాణంతో పాటు బుద్ధి కూడా లేచొచ్చింది. ఎవడో తాళంచెవి దొరికిన పిచ్చివాడు చేరుంటాడు... టీచరమ్మ ఇంకెవరికైనా చెప్పిందేమో... ఎవరు చేస్తేనేం? రేపు ఆవిడ వచ్చేసరికి గుమ్మంలో నిలబడేది నేను. చేసింది నేనే అంటాను. కాదనేదెవరు?

సైకిలు హాల్లో గోడకి ఆనించి ఉంది. ఊచ ఊచా తుడిచి ఉంది. దాని సీటు మీద చెయ్యేసి, గంట మీద బొటనవేలు పెట్టింది. 

అప్పుడు చూసుకుంది. గుమ్మం నుంచి సైకిలు దాకా... నున్నటి నేల మీద బురద బురదగా తన చెప్పుల అచ్చులు. వాటి చుట్టూ నేల తడిగా ఉంది.

వంటింటి వైపు నుంచి గొంతు వినిపించింది. పెద్దగా కాదు. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు.

"చెప్పులు బయట విడవాలని తెలీదూ?"

మేస్త్రి గంట మీంచి వేలు తీసేసింది.

"ఇప్పుడే తుడిచాను."

టార్చి అటు తిప్పింది. వంటింటి గడప దగ్గర బకెట్టు. బకెట్లో నీళ్ళు ఇంకా ఊగుతున్నాయి. పక్కన మనిషి లేదు.

"ఎ... ఎవరండీ?"

"నువ్వు నీ తమ్ముడికిచ్చావు." ఆ గొంతులో కోపం కూడా లేదు. ఎంగిలాకుని చూసినట్టు చూసే మనిషి గొంతు అది. "వాడు ఆ ముక్కు కారేవాడికిచ్చాడు. వాడు కిటికీలోంచి నాకిచ్చాడు."

నీళ్ళు ఊగడం ఆగిపోయింది.

"నేనెవరికివ్వను?"

మేస్త్రి తలుపు వైపు తిరగబోయింది.   తడిగుడ్డ ఒకటి వచ్చి పాదాల ముందు థప్పున పడింది.

"పట్టు. నీ అడుగులు నువ్వే తుడుచుకో."

మేస్త్రి వంగింది. గుడ్డ కొస అందుకుని తన వైపు లాగింది...

అవతలి కొస ఎవరో ఇంకా వదల్లేదు.