పదకొండో పేజీ

ఆ ఇంటి పెద్దాయన నలభై ఏళ్ళు పుస్తకాల బైండింగ్ చేసిన మనిషి. ఏ పుస్తకం కనిపించినా ముందు దాని వీపు నిమిరి చూస్తాడు, లోపల ఏముందన్నది తర్వాతి సంగతి. ఈ మధ్య ఆస్పత్రి మందుల దెబ్బకు వేళ్ళు మొద్దుబారి సూది పట్టడం మానేశాడు గానీ, ఆ చూపు మాత్రం పోలేదు.

ఆ రోజు పొద్దున బల్ల మీద ఆయన ముందున్నది ఆస్పత్రిలో రోగులకిచ్చే పదహారు పేజీల చిన్న పుస్తకం. మందు ఎలా పని చేస్తుంది, నోరు పూస్తే ఏం తినాలి, ఎప్పుడు ఫోన్ చేయాలి, అన్నీ అందులో ఉంటాయి. రాసింది ఆయన కూతురే. ఆస్పత్రి సమాచారం కౌంటర్లో ఆమె ఉద్యోగం. బిక్కుబిక్కుమంటూ వచ్చిన వాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టుకుని, అర్థమయ్యేదాకా చదివి చెప్పి గానీ పంపదు. తండ్రికి ఆ పుస్తకం తెచ్చిచ్చి రెండు వారాలైంది.

"నాన్నా, మాత్ర వేసుకున్నావా? సోమవారం మందు నాలుగో విడత, గుర్తుందిగా?" కూతురు జడ అల్లుకుంటూ హడావిడిగా వచ్చింది.

"వేసుకున్నానమ్మా. ఇదిగో, ఈ కాగితం ఊడి చేతికొచ్చింది." ఐదో పేజీ ఉన్న ఆకు చూపించాడు.

"పిన్ను వదులై ఉంటుందిలే. సాయంత్రం ఇంకోటి తెస్తాను."

"పిన్ను దిట్టంగానే ఉంది. ఇలా మధ్యకు మడిచి పిన్ను కొట్టిన పుస్తకంలో ప్రతి ఆకుకూ అవతలి పక్క ఒక జోడు ఉంటుంది. ఒకదాన్ని చింపేస్తే రెండోది నిలవదు. ఐదో పేజీ ఆకుకు జోడు పదకొండో పేజీ ఆకు. అదేది?"

కూతురి చేతులు జడలోనే ఆగిపోయాయి. పుస్తకం రాయడం తెలుసు గానీ, అది దేని మీద నిలబడుతుందో ఆమెకు తెలియదు. బైండరు కూతురై ఉండి!

"అచ్చులోనే రాలేదేమో..."

"ఏమోయ్, నువ్వైనా చెప్పు," అంటూ ఆయన భార్య వైపు తిరిగాడు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా ఆవిడ చూడటం లేదు.

"నన్నడక్కండి. నాచేత ఒట్టు వేయించుకుంది." ఆవిడ పొయ్యి ఆపేసింది. "రెండు వారాల నుంచి మీ ముందు నవ్వుతున్నాను. స్నానాల గదిలో కొళాయి తిప్పుకుని ఏడుస్తున్నాను. ఇంక నావల్ల కాదు."

"అమ్మా!" అని అరిచింది కూతురు. ఆ అరుపులో సగం ఏడుపే. "ఏం చెప్పమంటావు నాన్నా? మూడు విడతలయ్యాక కూడా గడ్డ పెరిగిందనా? డాక్టరుగారు తనే చెప్తానన్నారు. నేనే కాళ్ళావేళ్ళా పడి ఆపాను. మా నాన్నకంతా తెలుసు, ఆయనే మందు ఆపొద్దంటున్నారని అబద్ధమాడాను."

ఆయన ఊడిన ఆకును బల్ల మీద పెట్టాడు. వేడి అన్నం మింగలేక, చెంచా పట్టుకోలేక, సోమవారాలు లెక్కపెట్టుకుంటూ పడిన బాధంతా ఎందుకూ కొరగాలేదని ఇప్పుడు తెలిసింది.

"రోజూ ఊళ్ళోవాళ్ళందరికీ చదివి చెప్తావు. వాళ్ళకున్న ధైర్యం మీ నాన్నకు లేదనుకున్నావా?"

"నీకెందుకు లేదు నాన్నా! నాకే లేదు."

ఆమె హ్యాండ్‌బ్యాగు తెరిచి, నాలుగు మడతలు పెట్టిన ఆకు తీసింది. చింపింది తనే గానీ, పారేయడానికి చేతులు రాలేదు.

"చదువు," అన్నాడాయన. "కౌంటరు దగ్గరికి ఎవరో ముసలాయన వచ్చాడనుకో."

ఆమె కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "మందు పని చేయడం లేదని తెలిసినప్పుడు... కొనసాగించాలా, ఆపాలా అన్నది మీరు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవచ్చు. మందు ఆపినా మీ బాగోగులు చూడటం ఆపరు. నొప్పికి, ఆయాసానికి మందులిస్తారు. నర్సు ఇంటికే వస్తారు. మీరు చేయాలనుకున్న పనులేమైనా ఉంటే మీ వాళ్ళకు..."

ఎన్ని వందలసార్లో తడబడకుండా చదివిన వాక్యం. ఈసారి సగంలోనే తెగింది. కళ్ళు తుడుచుకుని, "మీకేమైనా అడగాలనుందా?" అని ముగించింది.

"ఉంది. ఆపేస్తే ఈ వేళ్ళకు మళ్ళీ స్పర్శ వస్తుందా?"

"కొంచెం రావచ్చు. చాలా నెలలు పడుతుంది."

"అన్ని నెలలు నాకున్నాయా?"

ఆమె కాగితం బల్ల మీద పెట్టింది. "లేకపోవచ్చు నాన్నా."

ఆయన తలాడించాడు. "సోమవారం వస్తాను. మందుకు కాదు, డాక్టరుగారితో నా నోటితో నేను మాట్లాడటానికి." తర్వాత భార్యను చూశాడు. "నీ పాటల నోటుబుక్కు తీసుకురా. పెళ్ళైన ఏడాది నుంచీ కుట్టిపెట్టమంటున్నావు. ఊరందరివీ కుట్టాను."

ఆవిడ నోటుబుక్కు తెచ్చింది. సూదిలో దారం కూడా తనే ఎక్కించింది. కూతురు ఆస్పత్రికి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పి, కాగితాలు కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది. రెండో కుట్టు దగ్గర సూది పక్కకు జారింది. ఆయన బొటనవేలి మీద రక్తం చుక్క తేలింది. ఆయన అది గమనించనే లేదు, కుడుతూనే ఉన్నాడు.

"నాన్నా, సూది గుచ్చుకుంది. నొప్పిగా లేదూ?"

"తెలియలేదమ్మా. చెప్పావు, మంచిపని చేశావు," అని వేలు ఆమె ముందుకు చాపాడు. ఆమె ఆ వేలు తుడుస్తూ, ఇంక ఆపుకోలేక, ఆయన చేతిలోనే ముఖం దాచుకుని ఏడ్చింది.