మెట్ల కింది బ్యాటరీ

రాజంపేటలో మా ఇల్లు బజారు వెనక సందులో ఉంది. కింద స్టీలు సామాన్ల అంగడి, పైన కాపురం. కాపురమంటే ఇప్పుడు నేనొక్కదాన్నే. మా ఆయన నాగసుబ్బయ్య పోయి ఏడాది దాటింది. పిల్లలు లేరు. అంగడి నేనే తెరుస్తాను, నేనే మూస్తాను.

ఇల్లంతా నల్లటి కడప బండలు పరిచి ఉంటాయి. అంగడి వెనక నుంచి పైకి మెట్లు. మెట్ల కింద చిన్న గూడు, దానికో చెక్క తలుపు. ఇన్వర్టరూ, దాని బ్యాటరీ అందులోనే.

మొన్న ఎండాకాలంలో ఆ గూట్లో చప్పుడు మొదలైంది. మొదట సన్నగా, గొంతులో కఫం అడ్డుపడినట్టు గరగరమని. రాను రాను గుడగుడమని. కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడల్లా ఎక్కువయ్యేది. తలుపు మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది, జ్వరం వచ్చిన ఒంటి మాదిరి. దాంతోపాటు ఒక వాసన.

"కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడతాండాది అమ్మా," అంది ఇల్లు ఊడ్చే మద్దమ్మ. మా ఇంట్లో గుడ్డు ముట్టం కాబట్టి ఆ వాసనేమిటో నాకు తెలియలేదు. ఆ మరుసటి రోజు నుంచి మద్దమ్మ రాలేదు.

నా మరిది జ్ఞానేశ్వర్‌కు కావలసింది దొరికింది. ఈ ఇల్లు అమ్మించి, నన్ను కడపలో వాళ్లింటి వెనక గదిలో పెట్టాలని ఆయన ఆలోచన.

"అన్న మూలుగుతాండాడు వదినా. ఇట్లాంటింట్లో ఒక్కదానివే యాడుంటావు? మాతో వచ్చెయ్."

"మీ అన్న ఆస్పత్రి మంచం మీదే మూలగలేదు. ఇప్పుడు మూలుగుతాడా?" అన్నాను.

ఆయన ఊరుకోలేదు. ఒక సాయంత్రం నిమ్మకాయలూ కర్పూరమూ పట్టుకొని వచ్చాడు. మధ్యాహ్నమంతా కరెంటు లేదు, ఇన్వర్టరూ నిలవలేదు. గాలి ఆడడం లేదు. సందులో కుక్క కూడా అరవడం లేదు. దీపాలు పెట్టే వేళకు ఫ్యాను తిరిగింది, ట్యూబులైటు వెలిగింది. వెంటనే గూట్లో మొదలైంది.

గుడ... గుడగుడ... సుయ్‌మని ఊపిరి.

తలుపు సందులోంచి సన్నగా ఆవిరి. వాసన ముక్కు పగలగొడుతోంది. లోపల ఏదో 'టక్' మంది. మళ్లీ... 'టక్'.

"విన్నావా?" గుసగుసగా అన్నాడు జ్ఞానేశ్వర్. "అన్నే..."

పళ్లెంలో కర్పూరం బిళ్ల పెట్టాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. పుల్ల పెట్టెకు ఆనించాడు.

ఆయన చేతి మీద ఒక్కటి వేశాను. అగ్గిపెట్టె ఎగిరి మూలన పడింది.

"ఏం చేస్తాండావప్పా! అది బ్యాటరీ. గ్యాసు వస్తాండాది. అగ్గి చూపిస్తే నువ్వూ నేనూ ఇద్దరం పేలిపోతాం!"

ఛార్జింగు పెట్టినప్పుడు దగ్గర అగ్గి వద్దని మా ఆయన ఎన్నిసార్లు చెప్పేవాడో. నెలనెలా ఆయనే డిస్టిల్డ్ వాటర్ పోసేవాడు. ఆయన పోయాక నేను ఆ తలుపే తీయలేదు.

మెయిన్ స్విచ్ దించేశాను. తలుపులు, కిటికీలు బార్లా తెరిచాను. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని గూటి తలుపు లాగాను. టార్చి వెలుగులో కనబడింది. బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉన్నాయి, అజీర్తి చేసిన పొట్టలాగా. మూతల పక్కన ఆసిడ్ పొంగి కిందికి కారుతోంది.

"చూడు, మీ అన్న!" అని గట్టిగా నవ్వాను.

"స్విచ్చి ఆపినావు గదా వదినా... ఇంకా చప్పుడెందుకు?"

"పొయ్యి ఆర్పంగానే నీళ్లు మరగడం ఆగుతుందా?"

నిమ్మకాయలు కూడా వదిలేసి వెళ్లిపోయాడు. ఆ రాత్రి నేను పైకి పోయి హాయిగా నిద్రపోయాను.

పొద్దున మెకానిక్ ఏసన్న వచ్చాడు. బ్యాటరీ పాతబడిందన్నాడు. నీళ్లు ఎండిపోయి ప్లేట్లు తేలాయనీ, అయినా ఛార్జరు కరెంటు తోస్తూనే ఉంటే మిగిలిన ఆసిడ్ కాగి పొంగుతుందనీ, బ్యాటరీ ఉబ్బి గ్యాసు కక్కుతుందనీ చెప్పాడు. టక్‌టక్‌మన్నది ఉబ్బిన డబ్బా చప్పుడేనట. బ్యాటరీని గోనెసంచిలో చుట్టి ఆటోలో వేసుకొని పోయాడు.

గెలిచానన్న హుషారులో చేతులకు రబ్బరు తొడుగులు వేసుకొని, గూట్లో వంటసోడా చల్లాను. బుసబుసమని నురగ వచ్చింది. నీళ్లు కొట్టి తుడిచాను. ఆసిడ్ పడిన చోటల్లా నల్ల బండ తెల్లబారి ఉంది. ఆ తెలుపు ఎంత రుద్దినా పోదు.

రుద్దుతూ వెనక్కి జరిగాను. గూటి బయట ఇంకో తెల్ల మచ్చ. దాని ముందు ఇంకొకటి.

ఐదు వేళ్లు స్పష్టంగా ఉన్నాయి.

మడమ లేదు. పాదంలో ముందు సగమే... చప్పుడు కాకుండా మునివేళ్ల మీద నడిచినట్టు.

ఏసన్న బూట్లతో వచ్చాడు. జ్ఞానేశ్వర్ గూడు తెరిచాక దాని దగ్గరికే రాలేదు. నా పాదం పక్కన పెట్టి చూశాను. నాకంటే చాలా పొడుగు. మా ఆయనదేమో అనుకోవడానికీ లేదు. ఆయనది వెడల్పాటి పాదం, పొట్టి వేళ్లు. ఈ వేళ్లు సన్నగా, ఎడంగా ఉన్నాయి.

చీపురు చేతిలో పట్టుకొని మెట్లు ఎక్కాను. ప్రతి మెట్టు మీదా ఒకటి. పైన వరండా దాటి... నా గదిలోకి. మంచం పక్కన రెండూ జతగా ఆగి ఉన్నాయి. నా తలగడ వైపు తిరిగి.

ఫోను తీశాను. జ్ఞానేశ్వర్ పేరు దాకా పోయి, మళ్లీ పెట్టేశాను. ఒక్క మాట చెబితే చాలు, సాయంత్రానికి నా సామాను కడప చేరుతుంది.

ఆ అడుగుల ముందే మంచం మీద కూర్చున్నాను.

"ఎవరైనా సరే," గట్టిగా అన్నాను. "ఈ ఇల్లు నాది. నేను యాడికీ పోను."

మంచం ఇప్పటికీ అక్కడే ఉంది. రోజూ దాని మీదే, ఆ అడుగుల వైపే తిరిగి పడుకుంటున్నాను. పగలు తీరిక దొరికినప్పుడల్లా మెట్లు, వరండా, గది మూలలు వంగి వెతుకుతున్నాను.

పైకి వచ్చిన అడుగులే ఉన్నాయి. దిగిపోయిన అడుగు... ఒక్కటీ లేదు.